రాళ్ల కట్ట మీద ప్రాణుల లెక్క: ఇసుక తీరంలో ఇలా మొదలుపెట్టండి

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లినా, ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లినా కాలికి తగిలేది ఇసుకే. భీమిలిలోనో యారాడలోనో ఉన్నట్టు సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండరాయి మనకు లేదు. మరి రాతి తీరపు జీవాలను లెక్కపెట్టడం గురించి ఇక్కడివాళ్లకు చెప్పడం దేనికి?

మన తీరానికి ఇప్పుడు రాయి వచ్చింది కాబట్టి. కృష్ణపట్నం ఓడరేవు కోసం, జువ్వలదిన్నె చేపల రేవు కోసం, రామాయపట్నం ఓడరేవు కోసం లారీలకు లారీలు బండరాళ్లు తెచ్చి సముద్రంలో కట్టలు పోశారు. ఇంజనీర్లు బ్రేక్‌వాటర్ అంటారు, మత్స్యకారుల పాలెంలో రాళ్ల కట్ట అంటారు. అంతకుముందు ఏనాడూ ఉప్పునీరు ఎరగని రాయి అది. అలాంటి రాయి నీళ్లలో పడిన కొన్ని వారాలకే దాని మీద పాచి పడుతుంది. నెలలు గడిచేసరికి తెల్లటి గరుకు పెంకులు అతుక్కుంటాయి, నత్తలు ఎక్కుతాయి, ఎండ్రకాయలు సందుల్లో కాపురం పెడతాయి. వందల కిలోమీటర్ల ఇసుక మధ్య ఈ రాయి జీవాలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏది ముందు, ఏది తరువాత? కట్ట వేసిన నాటి నుంచి ఎవరైనా రాసి పెడితేనే తెలుస్తుంది. విశాఖ రాళ్లు ఎప్పటివో ఎవరికి తెలుసు? మన రాయి వయసు మనకు తెలుసు, అది మన అదృష్టం. అయితే ఒక హెచ్చరిక: ఇక్కడి అంకెలను విశాఖ సహజ శిలల అంకెల పక్కన పెట్టి పోటీ చూడకండి. ఇది మనిషి వేసిన కట్ట, అది యుగాల నాటి తీరం.

చోటు, అనుమతి

ఓడరేవు కట్టలు చాలావరకు నిషేధిత ప్రాంతాలు. సరదాగా నడుచుకుంటూ వెళ్లి, లెక్కపెట్టే చోటుకు హద్దుగా చట్రాలు పరిచి ఫొటోలు తీస్తుంటే భద్రతా సిబ్బంది ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. చేపల రేవులోనూ, కోత ఆపడానికి ఒడ్డున రాళ్లు పరిచిన చోట్లా పని తేలిక. ఏదైనా సరే, రేవు నిర్వహించే కార్యాలయంలో ఒక ఉత్తరం ఇచ్చి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కళాశాల తరఫున వెళితే పని త్వరగా అవుతుంది. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. తెలిసిన అధ్యాపకులు ఒకరు వెంట ఉంటే మంచిది.

ఆఫీసు అనుమతి ఎంత ముఖ్యమో పాలెం పెద్దల మాట అంతే ముఖ్యం. "అన్నా, రాళ్ల మీద ఏమేం పెరుగుతున్నాయో రాసుకుందామని వచ్చాం" అని చెప్పి కూర్చుంటే, మీకు మూడేళ్లు పట్టే సంగతులు అరగంటలో చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులు తీరికగా దొరుకుతారు. మొదటి పరిచయానికి అంతకన్నా మంచి కాలం లేదు.

కట్ట మీద రెండు ముక్కలు ఎంచుకోండి, ఒక్కోటి 20 మీటర్ల పొడవు. ఒకటి అలలు నేరుగా కొట్టే సముద్రం వైపు, రెండోది రేవు లోపలి ప్రశాంతమైన నీటి వైపు. రెండూ ఎందుకో చివర్లో తెలుస్తుంది. కాంక్రీటు నాలుగు కాళ్ల దిమ్మెలు పేర్చిన చోటికి మాత్రం పోవద్దు. వాటి మధ్య సందులో పడ్డ మనిషిని పైకి లాగడం కష్టం.

రోజు, వేళ

పంచాంగం తీయండి. అమావాస్య, పౌర్ణమి నాళ్లలో, ఆ తరువాతి రెండు రోజుల్లో ఆటు బాగా దిగుతుంది. అప్పుడే దిగువ రాళ్లు బయటపడతాయి. మన తీరంలో పోటుకూ ఆటుకూ తేడా ఆ రోజుల్లో కూడా ఒక మీటరు అటూ ఇటూ మాత్రమే. గుజరాత్ తీరంలోలాగా నీరు కిలోమీటర్ల దూరం వెనక్కి పోదు. అందువల్ల ఒక్క అరగంట ఆలస్యమైనా దిగువ రాళ్లు చేజారిపోతాయి.

ఇంకో చిక్కు ఉంది. మన వైపు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు సుమారుగా మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య పడుతుంది. రెండోసారి అర్ధరాత్రి దాటాక. అంటే మీరు పని చేయాల్సింది రాయి కాలిపోతున్న వేళలో. పోనీ వారం ఆగి పొద్దున పూట ఆటు చూసుకుందామంటే అప్పుడు నీరు అంతగా దిగదు. గొడుగు, తలగుడ్డ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ పట్టుకుని వెళ్లడం తప్ప వేరే దారి లేదు. ఆటు ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కచ్చితమైన వేళకు సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే ఆటుపోట్ల పట్టికో, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ వెబ్‌సైటో చూడండి. అలల హెచ్చరిక కూడా అక్కడే ఉంటుంది. హెచ్చరిక ఉన్న రోజు వెళ్లకండి, ఆటు ఎంత లోతుగా ఉన్నా సరే.

ఏడాదికి మూడు సార్లు చాలు. మొదటిది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఏడాది మొత్తంలో మన తీరంలో సగటు నీటిమట్టం అప్పుడే తక్కువ, దిగువ రాళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. రెండోది మే నెల మండుటెండల్లో. మూడోది ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, డిసెంబరు చివర లేదా జనవరిలో. నెలనెలా వెళతామని ప్రతిజ్ఞ చేసి నాలుగో నెలలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను. అందులో నేనూ ఒకణ్ణి.

చట్రం

కరెంటు పనివాళ్లు వాడే సన్నటి పీవీసీ గొట్టం, నాలుగు ఎల్బోలు కొనండి. లోపలి కొలత 25 సెంటీమీటర్లు వచ్చేలా చతురస్రం చేయండి. పుస్తకాల్లో అరమీటరు చట్రం కనిపిస్తుంది కానీ అది చదునైన బండలకు. మన కట్ట రాళ్ల మీద అది సగం గాలిలో వేలాడుతుంది. ప్రతి 5 సెంటీమీటర్లకు చిన్న రంధ్రం పెట్టి వల అల్లే నైలాను దారం నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు లాగి కట్టండి. 25 గడులు వస్తాయి. ఒక్కో గడి చట్రంలో 4 శాతం. చట్రంలో దొరికిన సంఖ్యను 16తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్నో తెలుస్తుంది. గొట్టానికి రెండు చోట్ల రంధ్రం చేసి ఉంచండి. లేకపోతే లోపల గాలి నిండి, అల వచ్చినప్పుడు తేలుకుంటూ పోతుంది.

మిగతా సామాను: 30 మీటర్ల టేపు, పెన్సిళ్లు (పెన్ను తడికి పనిచేయదు), అట్ట, ఫోను, ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్, భూతద్దం, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం.

ఆ నీళ్ల గొట్టం సంగతి వివరంగా చెప్పాలి. రాతి తీరంలో జీవాలు అరలు అరలుగా ఉంటాయి. ఎవరు ఎంతసేపు ఎండకు ఓర్చుకోగలరో దాన్ని బట్టి వాళ్ల ఎత్తు. మన దగ్గర మొత్తం తేడాయే మీటరు కాబట్టి, ఆ అరలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. 20 సెంటీమీటర్లు తప్పితే వేరే ప్రపంచం. అందుకని మొదటి రోజు ఆటు పూర్తిగా దిగిన వేళ, పది అలలు వచ్చి పోయేదాకా చూసి, నీరు సగటున ఎక్కడ నిలుస్తోందో గుర్తుపెట్టండి. గొట్టంలో నీళ్లు పోసి, ఒక కొన అక్కడ పట్టుకుని, అక్కడి నుంచి నిలువుగా 20, 60, 110 సెంటీమీటర్ల ఎత్తులు కట్ట మీద గుర్తించండి. ఇవే మీ దిగువ గీత, నడిమి గీత, పై గీత. పై గీతకు మామూలు రోజుల్లో తుంపర్లే తగులుతాయి.

ఇప్పుడు చట్రాలు ఎక్కడ పెట్టాలి? మీ కంటికి నచ్చిన చోట మాత్రం వద్దు. కన్ను ఎప్పుడూ పెంకులు నిండుగా ఉన్న రాయినే వెతుక్కుంటుంది. జేబులోంచి ఐదు నోట్లు తీసి వాటి నంబర్లలో చివరి రెండు అంకెలు చూడండి. వాటిని 5తో భాగించండి. 73 వస్తే 14.6 మీటర్లు. టేపు మీద అక్కడ ఒక నిలువు వరుస. అలా ఐదు వరుసలు, వరుసకు మూడు ఎత్తులు, మొత్తం 15 చట్రాలు. ఆ చోట రాళ్ల మధ్య సందు వస్తే కుడివైపు మొదటి రాయి తీసుకోండి. ప్రతిసారీ కుడే.

ఒకసారి నిర్ణయించాక ఇక ఆ చట్రాలే శాశ్వతం. రంగు పూయవద్దు, అది ప్రాణులకు మంచిది కాదు, కట్ట యజమానులకూ నచ్చదు. పై గీత దగ్గర పొడి రాయి మీద కుళాయి పనివాళ్లు వాడే ఎం-సీల్ రూపాయి బిళ్లంత అతికించి, అక్కడి నుంచి దిగువ చట్రాలకు దూరం కొలిచి రాసుకోండి. వెనక దీపస్తంభమో నీళ్ల ట్యాంకో కనిపించేలా ప్రతి చట్రానికీ ఒక దూరపు ఫొటో తీయండి. మరుసటి సారి నీటి అంచు నుంచి కొలవకండి. నీటి అంచు రోజుకో చోట ఉంటుంది, రాయి కదలదు.

లెక్క

ఆటు వేళకు గంటన్నర ముందే చేరుకుని, దిగుతున్న నీటి వెంట పై నుంచి కిందికి రండి. నీరు అట్టడుగున ఉన్నప్పుడు దిగువ గీత మీద ఉండాలి. పై గీతలో మిగిలిందేమైనా ఉంటే తిరిగి వచ్చేటప్పుడు పూర్తి చేయవచ్చు. చట్రానికి పది నిమిషాలు వేసుకున్నా 15 చట్రాలకు రెండున్నర గంటలు. కాబట్టి రోజుకు ఒక ముక్క. రెండో ముక్కకు మర్నాడు రండి.

చట్రం ఆనించగానే ముందు నీడ పడకుండా నేరుగా పై నుంచి ఫొటో. కదిలేవాటిని వెంటనే రాయండి: ఎండ్రకాయ, నత్తలు, బొద్దింకలా పరుగెత్తే లైజియా. మీ నీడ పడగానే అవి మాయమైపోతాయి, అందుకే దూరం నుంచే చూడటం మొదలుపెట్టాలి. తరువాత అతుక్కుని ఉన్నవాటి విస్తీర్ణం. ఒక గడిలో సగానికి మించి పాచి ఉంటే ఆ గడి పాచిది. సగానికి తక్కువైతే గడి లెక్కలోకి రాదు, "ఉంది" అని టిక్కు పెడితే చాలు. పాచి, బార్నకిల్ (ఆ తెల్లటి గరుకు పెంకు), ఆల్చిప్ప, ఇసుక, ఖాళీ రాయి, ఇలా ఒక్కోదానికి ఎన్ని గడులో రాయండి. ఆల్చిప్ప మీద పాచి పెరిగితే రెండింటికీ వేయండి. మొత్తం 25 దాటినా ఫరవాలేదు.

చివరగా తలల లెక్క. బార్నకిల్ వందకు మించి ఉంటే నాలుగు మూలల గడులు, నడిమి గడి మాత్రం లెక్కపెట్టి 5తో గుణించండి.

ఇక్కడ మేము చేసిన తప్పు ఒకటి చెబుతాను. మొదటి రోజు ఒకే చట్రాన్ని నేనూ నా మిత్రుడూ విడివిడిగా లెక్కపెట్టాం. నాకు 212, అతనికి 147. ఎండలో కూర్చుని పావుగంట వాదించుకున్నాం. తీరా చూస్తే అతను బతికున్నవే లెక్కపెట్టాడు, నేను ఉత్త పెంకులు కూడా కలిపేశాను. బార్నకిల్ చిన్న అగ్నిపర్వతంలా ఉంటుంది. కొన మీది నోట్లో రేకుల మూత బిగించి ఉంటే బతికున్నట్టు. మూత లేక బొక్క కనిపిస్తే చచ్చినట్టు. ఆ బొక్కలో ఆవగింజంత నత్త దాక్కుని ఉండవచ్చు, భూతద్దంతో చూడండి. కాగితం మీద బతికినవి ఒక కాలమ్‌లో, ఉత్త పెంకులు ఒక కాలమ్‌లో రాయండి. అప్పటి నుంచి ప్రతి సారీ మూడు చట్రాలను ఇద్దరం లెక్కపెట్టి పోల్చుకుంటున్నాం. తేడా పదో వంతు దాటితే మళ్లీ మొదటి నుంచి.

లేనివాటికి సున్నా వేయండి. ఖాళీగా వదిలేస్తే, అది అక్కడ లేదో, మీరు చూడటం మరిచిపోయారో ఏడాది తరువాత మీకే తెలియదు.

ఎవరు ఎవరు

అన్నిటికీ శాస్త్రీయ నామాలు తెలియాలని కూర్చుంటే పని మొదలే కాదు. మొదట పది, పన్నెండు రకాలు చాలు. తెలియనిదానికి మీరే పేరు పెట్టి, ఫొటో జతచేసి, ఆ పేరు మార్చకుండా వాడండి.

పై గీతలో పగుళ్లలో గుంపుగా మిరియాల్లాంటి చిన్న నత్తలు కనిపిస్తాయి, అవి లిటోరినా కుటుంబం. గుండ్రంగా, నున్నగా, నల్లగా బొటనవేలి గోరంత ఉండేవి నెరైటాలు. నడిమి గీత బార్నకిల్‌ది. చూస్తే నత్త జాతి అనిపిస్తుంది కానీ అది రొయ్యకు చుట్టం. రొయ్య పిల్లల హేచరీలో పనిచేసినవాళ్లకు నాప్లీ (గుడ్డులోంచి వచ్చే తొలి దశ పిల్ల) అంటే తెలుసు కదా, బార్నకిల్ కూడా గుడ్డులోంచి నాప్లీగానే వస్తుంది. కొన్నాళ్లు నీళ్లలో తేలి, చివరి దశలో రాయి వెతుక్కుని, తల భాగాన్ని జిగురుతో అతికించుకుని, చుట్టూ పెంకు కట్టుకుంటుంది. ఇక జీవితమంతా తలకిందులుగా ఉండి కాళ్లతో మేత లాక్కోవడమే. రాళ్ల మధ్య నీళ్లు నిలిచిన గుంటలో రెండు నిమిషాలు కదలకుండా చూడండి, పక్షి ఈకలాంటి కాళ్లు బయటికి వచ్చి విసనకర్రలా ఊపుతూ లోపలికి పోతాయి.

తాటాకు టోపీలా ఉన్న పెంకు లింపెట్. దాన్ని పీకకండి. అదాటున తగిలినా రాయిని గట్టిగా కరుచుకుంటుంది. బలవంతంగా ఊడదీస్తే మళ్లీ సరిగా అతుక్కోలేక చచ్చిపోవచ్చు. అతుక్కుని ఉండగానే కాలిపర్‌తో పొడవు కొలవండి. దిగువన రాతి ఆల్చిప్పలు, వాటి అంచులు బ్లేడులాంటివి. అలలు గట్టిగా కొట్టే చోట బ్రష్షు కుచ్చులా నిలబడే ఆకుపచ్చ పాచి కీటోమార్ఫా. తడిసిన తోటకూరలా పలచగా పరుచుకునేది ఉల్వా. ఊరి మురుగో చెరువు నీరో కలిసే చోట ఉల్వా విజృంభిస్తుంది, దాని గడులు పెరుగుతుంటే చుట్టుపక్కల కాలవ ఏదైనా తెగిందేమో చూడండి.

ఒక అతిథి మీద ప్రత్యేకంగా కన్నేయండి. దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన మైటెల్లా అనే చిన్న నల్ల ఆల్చిప్ప ఎన్నూరు వాగులో, పులికాట్ సరస్సులో పాతుకుపోయి రొయ్యలు పట్టుకునేవాళ్ల పొట్ట కొడుతోంది. 1960ల్లో విశాఖ ఓడరేవులో దాని దూరపు బంధువు మైటిలాప్సిస్ ఇలాగే దిగింది. రేవు లోపలి వైపు చట్రాల్లో గుత్తులు గుత్తులుగా, పట్టులాంటి పోగులతో అతుక్కున్న కొత్త ఆల్చిప్ప కనిపిస్తే, పక్కన స్కేలు పెట్టి పెంకు లోపలి వైపు, బయటి వైపు ఫొటోలు తీసి కళాశాలవాళ్లకు చూపించండి. జీవాల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో కూడా పెట్టండి.

నీరు, వేడి

రొయ్యల చెరువులవాళ్ల దగ్గర ఉప్పుశాతం చూసే రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. అరువు అడగండి, ఇస్తారు. ఒక చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూడటమే. వేసవిలో సముద్రపు నీటిలో ఉప్పు వెయ్యికి 33, 34 పాళ్ల దగ్గర ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది పడిపోతుంది. మన వానల వల్ల, పెన్న వరద వల్ల మాత్రమే కాదు, ఆ నెలల్లో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లి గోదావరి, కృష్ణల మంచినీటిని కూడా ఇటు మోసుకొస్తుంది. ఆ తరువాత నత్తలు తగ్గితే రేవును నిందించే ముందు ఈ అంకె చూసుకోవాలి. రాయి వేడి కూడా మూడు గీతల దగ్గరా రాయండి.

ఒళ్లు జాగ్రత్త

ఒంటరిగా ఎప్పుడూ వెళ్లవద్దు. నలుగురైతే మంచిది, ఒకరు లెక్క మానేసి సముద్రం వైపే చూస్తూ ఉండాలి. దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి పెద్ద అల ఎక్కడిదాకా వస్తోందో చూడండి. చెప్పులు కాదు, అడుగున పట్టు ఉన్న బూట్లు. నల్లగా మెరిసే రాయి మీద అడుగు వేయవద్దు, ఆ మెరుపు పాచిదే. బార్నకిల్ గీరుకుంటే చిన్న గాయమే అనుకోకండి, మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, ఎర్రబడితే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కదిలే చిన్న రాయి ఎత్తి చూస్తే ఎలా ఉన్నది అలాగే తిప్పి పెట్టండి. దాని అడుగు ఇంకొకరి ఇంటి పైకప్పు.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఒక చట్రం, ఒక జాతి, ఒక వరుస. తేదీ, ముక్క, గీత, చట్రం సంఖ్య, గడులు, తలలు, లెక్కపెట్టినవారి పేరు. కాగితాలు పారేయవద్దు. ఒక ప్రతి పాలెంలో ఇచ్చి రండి.

ఇక రెండు ముక్కలు ఎందుకన్న ప్రశ్న. బార్నకిళ్లు లోపలి వైపు తగ్గి, బయటి వైపు మామూలుగా ఉంటే కారణం రేవు లోపల ఉంది: పడవల నూనె, మురుగు, బురద. రెండు వైపులా తగ్గితే ముందు కాలాన్ని అనుమానించండి. ఒక్క ఏడాది అంకెలతో ఎవరి మీదా ఫిర్యాదు రాయకండి. మూడేళ్లు గడవాలి.

మరొక సంగతి, మన తీరానికే చెందినది. ఇక్కడ అలలు ఏటా ఇసుకను మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తుంటాయి. కట్ట అడ్డం రాగానే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. కాబట్టి మీ చట్రం ఉన్న రాయే ఒకనాటికి కనిపించకపోవచ్చు. మాకు రెండో ఏడాది మార్చిలో ఐదో వరుస దిగువ చట్రం దొరకలేదు. ఎం-సీల్ గుర్తు ఉంది, టేపు సరిగానే ఉంది, కొలత ప్రకారం చట్రం పెట్టాల్సిన చోట తెల్లటి ఇసుక, దాని మీద ఒక ఎండ్రకాయ అడుగుల గీతలు. మిత్రుడు తవ్వుదామన్నాడు. వద్దన్నాను. చట్రం ఇసుక మీదే పరిచి ఫొటో తీసి, ఇసుక 25 గడులు, బార్నకిల్ సున్నా, ఆల్చిప్ప సున్నా అని రాసుకుని, మజ్జిగ తాగి, నీరు ఎక్కకముందే పైకి వచ్చేశాం.